పాత ఈమెయిలు జాబులు: చిరునామాల మార్పు



ఇల్లు మారినవానికి చిరునామా మారును. ఇందు వింత లేదు. కాని ఇల్లు మారునప్పుడు వెంట గొనిపోవు పాతజాబుల పెట్టెను విప్పి, అందలి ప్రతి జాబుమీదను పాత చిరునామా కొట్టివేసి క్రొత్తది వ్రాయవలెనా యని మన తాతలలో నెవ్వరును ఆలోచించి యుండరు. కాగితపు జాబునకు ఆ యవసరము లేకుండెను. ఈమెయిలు జాబునకు ఆ యవసరము కలిగినది. నేడు సహకార సంఘములు, దేవాలయముల ధర్మకర్తలు, బడి కమిటీలు, దూరదేశములందున్న మన బిడ్డలు, ఎల్లరును ఉత్తర ప్రత్యుత్తరములను ఈ విధముగనే నడుపుచున్నారు. పదునైదు, ఇరువది యేండ్ల జాబులు ఒక సంస్థవారి కంప్యూటరులలో ప్రోగుపడి యుండును. రుసుము హెచ్చుటచేతనో, ఆ సంస్థ మూతపడుటచేతనో వేఱొక సంస్థవారి యొద్దకు పోవలసివచ్చును. అప్పుడు జాబులను తరలించుట యొక పని. వానిలోని చిరునామాలను మార్చుట మఱియొక పని. మొదటిది యంత్రము చేయును. రెండవదానిని యంత్రమునకు వదలివేయరాదని నా యభిప్రాయము.

నేను యంత్రశాస్త్రము నభ్యసించినవాడను గాను. గురువుల యొద్ద కావ్యములు, వ్యాకరణము చదువుకొని, ఉన్నత పాఠశాలలో తెలుగు చెప్పి విశ్రాంతి గైకొన్నవాడను. మా యూరి గ్రంథాలయ సంఘమువారు తమ జాబులను ఒక సంస్థనుండి మఱియొక సంస్థకు తరలించినప్పుడు, పాత చిరునామాలలో ఏది యెవరిదో గుర్తింపగల వృద్ధుడొకడు కావలసివచ్చి నన్ను పిలిచిరి. ఆ విధముగా నాకీ విషయముతో పరిచయము గలిగినది.

పూర్వము జాబు కవరుపై వ్రాయుదానిని మేల్విలాసము అనెడివారము. మనిషి పేరు, ఇంటిపేరు, ఊరు, తాలూకా, జిల్లా. 1972వ సంవత్సరము ఆగస్టు 15వ తేదీనుండి దానికి ఆరంకెల పిన్‌కోడు చేరినది. ఆ యేర్పాటు చేసిన శ్రీరామ్ భికాజీ వేలంకర్ సంస్కృతమున కవిత్వము చెప్పిన పండితుడని తెలిసి నాకు కలిగిన సంతోషమును మీరు మన్నింపవలెను. ఈమెయిలు చిరునామా యింకను చిన్నది. దానికి రెండే భాగములు: మనిషి పేరు, అతని జాబులు చేరు చోటి పేరు. ఈ రెంటిని కలుపు 'ఎట్' అను గుర్తును 1971లో అమెరికా దేశమున రే టామ్లిన్‌సన్ అను ఇంజనీరు ఈ పనికి మొదట వాడెను.

ఈ రెండవ భాగమే చిక్కులకు మూలము. మనిషి మారడు, చోటు మారును. మన దేశమున సామాన్య జనులకు ఇంటర్నెట్టు 1995 ఆగస్టు 15వ తేదీన విదేశ్ సంచార్ నిగమ్ అను ప్రభుత్వ సంస్థ ద్వారా లభించినది. ఆ కాలమున మద్రాసు నందలి వారి చిరునామా తుదిని వారి జాబులుండు కంప్యూటరు యొక్క పేరు సయితము చేరియుండెడిది. అది జాబు వచ్చు తపాలా కచేరిలో ఏ బల్లమీద పెట్టుదురో ఆ బల్ల సంఖ్యను గూడ కవరుపై వ్రాయుట వంటిది. 2002లో ఆ సంస్థ టాటావారి చేతికి వచ్చెను. 2008లో పేరును మారెను. నాటి జాబులను దాచియుంచిన వారికి ఆ చిరునామాలు నేడు చరిత్రయే.

మీలో చాలమందికి ఇట్టి యనుభవము వేఱొక విధమున కలదు. తెలంగాణమున 2016 అక్టోబరులో పది జిల్లాలు ముప్పదియొకటి యైనవి. ఆంధ్రప్రదేశమున 2022 ఏప్రిలులో పదుమూడు ఇరువదియారైనవి. మీ యూరు అంగుళమైనను కదలలేదు. చిరునామా మాత్రము కదలినది. ఐనను మీ యింటనున్న పాత దస్తావేజును తీసి జిల్లా పేరు దిద్దినవారెవరును లేరు గదా!

ఇచ్చట ఒక సూక్ష్మమున్నది. దానిని గ్రహించిన తక్కినదంతయు సులభము. కాగితపు జాబునకు కవరు వేఱు, లోపలి కాగితము వేఱు. కవరు త్రోవ చూపును. లోపలి కాగితము ఎవరు, ఎప్పుడు, ఎవరికి వ్రాసిరో చెప్పును. ఈమెయిలు జాబునకును కవరు కలదు. కాని జాబు చేరిన పిమ్మట యంత్రము ఆ కవరును తీసివేయును. మన యొద్ద నిలుచునది లోపలి కాగితమే. దాని శిరోభాగమున పంపినవారు, పుచ్చుకొన్నవారు, తేది, విషయము అను వరుసలుండును. అవి జరిగినదానికి సాక్ష్యములు. ఇంతవరకు బాగున్నది. కాని పదేండ్ల తరువాత మనమా జాబును తెరచి 'జవాబు' అను మీట నొక్కినప్పుడు యంత్రమేమి చేయును? ఆ సాక్ష్యపు వరుసలోని చిరునామానే తీసికొని క్రొత్త కవరుపై వ్రాసికొనును. అనగా ఒకే వరుస సాక్ష్యమును చెప్పుచున్నది, త్రోవయు చూపుచున్నది. సాక్ష్యమును మార్చరాదు. త్రోవ మార్చక తీరదు. చిరునామాల మార్పునందలి కష్టమంతయు ఈ రెంటి పెనుగులాటయే.

కొన్ని సంస్థలలో ఈ కష్టము ఇంకను హెచ్చు. మైక్రోసాఫ్టువారు 1996లో ఎక్స్‌చేంజి అను జాబుల యంత్రాంగమును విడుదల చేసిరి. పెద్ద కచేరీలు, కంపెనీలు దానిని విరివిగా వాడినవి. అందు ఒకే కచేరిలోనివారు ఒకరికొకరు వ్రాసికొన్న జాబులలో మనమెఱిగిన చిరునామా యుండదు. దానికి బదులు సంస్థ పేరు, అందలి శాఖ పేరు, గ్రహీతల పట్టిక, అందలి మనిషి సంకేతము, ఇట్లు మెట్లు మెట్లుగా నొక పొడవైన గుర్తుండును. ఇది యింటిలోని పిలుపుల వంటిది. ఇంటిలో 'పెద్ద బావగారికి ఇమ్ము' అన్నచో పసిపిల్లవాడును పోయి యిచ్చును. ఆ మాటనే కవరుపై వ్రాసి పోస్టు పెట్టెలో వేసినచో తపాలావాడేమి చేయగలడు? అట్టి జాబులను ఉన్నవియున్నట్లు మఱియొక సంస్థకు తరలించినచో, వానికి వ్రాసిన ప్రతి జవాబును చేరవలసినచోటు తెలియక వెనుకకు వచ్చును. అట్లు తిరిగివచ్చిన జాబులలో ఆ పాత గుర్తే అడ్డగీతలతోను అంకెలతోను కలిసి యొక విపరీత రూపమున కనబడును. చూచినవారు ఏదో మంత్రాక్షరములని బెదరుదురు. అది పెద్ద బావగారి పేరే.

అందుచేత ఇట్టి యింటి పిలుపులకు లోకము గుర్తించు చిరునామాను సమకూర్చుట యవసరము. అది రెండు విధములుగా చేయవచ్చును. జాబులలోని గుర్తునే తీసివేసి చిరునామా వ్రాయుట యొకటి. జాబులను ముట్టుకొనక, క్రొత్త సంస్థలో ఆ మనిషి పేర జాబుల పెట్టె తెరచి, పాత గుర్తును ఆ పెట్టెకే మాఱుపేరుగా నమోదు చేయుట రెండవది. కోర్టు కాగితములలో 'ఉరఫ్' అని వ్రాయుదురు చూడుడు, అట్లన్నమాట. క్రొత్త చోటను అదే యెక్స్‌చేంజి జాతి యంత్రాంగ మున్నపుడు రెండవది సాధ్యము, శ్రేష్ఠమును. వేఱు జాతిదైనపుడు మొదటిది తప్పదు.

తప్పనపుడు దానినెట్లు చేయవలెను? మా గ్రంథాలయమున జరిగిన క్రమమునే చెప్పెదను. మొదట జాబులన్నిటికిని సంపూర్ణమైన ప్రతి తీయించి వేఱుగా నుంచితిమి. తరువాత జాబుల శిరోభాగములందు కనబడు చిరునామా లన్నిటిని ఒక పట్టికగా వ్రాయించితిమి. ఈ పని చేసినవాడు మా యూరి పిల్లవాడే. హైదరాబాదులో కంప్యూటరు కొలువు చేయుచు సెలవులకు వచ్చియుండెను, నా శిష్యుడు. పట్టికను నా ముందర నుంచి, "మాస్టారూ, వీరెవరో మీరు చెప్పాలి" అనెను.

చూచుటకు చిన్న పనియే. కాని యెన్ని చిక్కులు! మన యిండ్లలో తాతపేరు మనుమనికి పెట్టుట వాడుక గదా. ఒకే యింటిపేరు, ఒకే పేరు గలవారు ముగ్గురు తేలిరి. ఒక యమ్మాయి పెండ్లికి పూర్వము పుట్టింటి పేరుతోను, పిమ్మట అత్తవారింటి పేరుతోను వ్రాసియుండెను. ఇద్దరని యంత్రము లెక్కించెను. అన్నిటికంటె కఠినమైనది 'కార్యదర్శి' అను చిరునామా. అది యొక పదవి పేర నున్నది. ఆ పదవిలో పదునాలుగేండ్లలో నలుగురు కూర్చుండిరి. ఆ చిరునామా నుండి వెడలిన జాబు ఎవరిది? తేదిని జూచి చెప్పవలెను. కాబట్టి పట్టికలో పాత చిరునామా, క్రొత్త చిరునామా అను రెండు గళ్లు చాలవు. ఏ తేదినుండి ఏ తేదివరకు అను గడి మూడవది, మనిషి యెవరు అను గడి నాలుగవది యుండవలెను. ఈ గళ్లు నింపుటకే మాకు పండ్రెండు దినములు పట్టినది. యంత్రము చేసిన తక్కిన పనికి ఒక పూట చాలినది.

ఆ పూటలో సయితము జాగ్రత్త పడవలసినవి కొన్ని కలవు. 'రామ' యని యున్నచోట 'రఘురామ' యని మార్చుమని యంత్రమునకు చెప్పితిమనుకొనుడు. అది సీతారాముని 'సీతారఘురామ' చేయును. బలరాముని 'బలరఘురామ' చేయును. పదచ్ఛేదము తెలియనివానికి సూత్రము నప్పగించిన ఫలమిది. చిరునామాను మొదలునుండి తుదివరకు పూర్తిగా సరిపోల్చిన పిమ్మటనే మార్చుమని చెప్పవలెను. తెలుగులో వ్రాసిన పేర్లు శిరోభాగమున తెలుగక్షరములుగా నిలువ యుండక, తఱచుగా ఇంగ్లీషు అక్షరములు, అంకెలు కలసిన సంకేతముగా మాఱి యుండును. దానిని విప్పి చదివిన పిదపనే పేరు తెలియును.

ఇంకొకటి మఱింత మోసకరమైనది. ప్రతి జాబునకును యంత్రము ఒక గుర్తింపు సంఖ్యను వేయును. దాని నడుమ గూడ 'ఎట్' గుర్తు, పిమ్మట సంస్థ పేరు ఉండును; చూచుటకు అచ్చముగా చిరునామావలె నుండును, కాని చిరునామా కాదు. జవాబు జాబులో 'ఇది ఫలానా సంఖ్యగల జాబునకు జవాబు' అని ఆ సంఖ్యయే వ్రాయబడును. తొందరపాటున దానిని ఒకచోట మార్చి ఒకచోట మార్చకున్నచో ప్రశ్న యొకచోట, జవాబొకచోట పడును. పది జాబులుగా నడచిన వ్యవహారము పది యనాథ పత్రములగును. జాబు ఏ యే యంత్రముల గుండా నడచి వచ్చెనో తెలుపు వరుసలు తపాలా ముద్రల వంటివి, వానిని ముట్టరాదు. జాబు నడుమ, వ్రాసిన విషయములో కనబడు చిరునామాలను అసలే ముట్టరాదు. 'ఇకమీదట నాకీ చిరునామాకు వ్రాయుడు' అని యొకడు వ్రాసిన వాక్యములో చిరునామాను మార్చినచో ఆ వాక్యమున కర్థమే యుండదు.

ఇక నాకు మనస్తాపము గలిగించిన యొక సంగతి. మా గ్రంథాలయమునకు స్థలమిచ్చిన పెద్దమనిషి యొకరు, పరదేశమున ఉద్యోగము చేయుచు, తన కచేరి చిరునామా నుండి మాకు జాబులు వ్రాసెడివారు. ఆ స్థలమును గ్రంథాలయమునకు తప్ప మఱి దేనికిని వాడరాదనియు, వెనుకభాగమున బాలికలకు చదువుకొను గది కట్టవలెననియు వారొక జాబులో వ్రాసిరి. వారు కొన్నేండ్ల క్రిందట స్వర్గస్థులైరి. మా పట్టిక సిద్ధము కాకమునుపే, తరలింపు పనికి కుదిరిన వేఱొక వ్యక్తి తన నేర్పు చూపదలచి, పనిచేయని చిరునామాలకెల్ల ఆ కుటుంబమున బ్రతికియున్నవారి చిరునామా నుంచెను. జవాబులు ఎవరికో యొకరికి చేరవలెను గదా యని ఆయన వాదము. ఫలితమేమనగా, ఆ దాత జాబు కుమారుడు వ్రాసినట్లు కనబడెను! కుమారునికి ఆ గది కట్టించుట యిష్టము లేదు. ఆ భాగమున దుకాణములు కట్టి అద్దెకీయవలెనని ఆయన సంకల్పము. సంఘ సమావేశమున ఆ జాబును చదువగానే, "నేను ఇట్టి జాబు వ్రాయనే లేదు" అని ఆయన యనెను. ఆ మాట సత్యమే. ఆయన వ్రాయలేదు. తండ్రి వ్రాసెను. కాని మా యెదుట తెరపైనున్న అక్షరములు తండ్రి పేరు చెప్పుటలేదు.

ఆనాడు మమ్ము కాపాడినది ఆ వేఱుగా నుంచిన మొదటి ప్రతి. అందు తండ్రిగారి కచేరి చిరునామా, తేది, దారి ముద్రలు అన్నియు చెక్కుచెదరక యున్నవి. కుమారుడు చాలసేపు వానిని జూచి మాఱు పలుకక కూర్చుండెను. పిమ్మట ఆ జాబును తనకొక ప్రతి తీసి యిమ్మని యడిగెను. గది పునాది పోయు దినమున తానే వచ్చెను.

మూలప్రతి విలువ పండితులకు క్రొత్తగాదు. కడపలో బ్రౌను దొర పండితులను గూర్చి వ్రాతప్రతులను సరిపోల్చి చూపించిన కాలమునుండి, లేఖకుని దిద్దుబాటు వేఱు, కవి వ్రాత వేఱు అని మన వారెఱుగుదురు. లేఖకుడు తనకు తోచిన సవరణను ప్రక్కన వ్రాయవచ్చును. మూలములో దూర్చినచో అది ప్రక్షిప్తము. ఈమెయిలు జాబునకును ప్రక్కన వ్రాయు సౌకర్యమున్నది. శిరోభాగమున క్రొత్త వరుస నొకదానిని చేర్చి, 'మొదట ఉండిన చిరునామా యిది' అని పూర్వరూపమును భద్రపరుపవచ్చును. మా శిష్యుడు మార్చిన ప్రతి జాబులోను ఇట్లే చేసెను.

న్యాయస్థానముల దృష్టియు ఇట్టిదే. 2024 జూలై 1వ తేదీనుండి అమలులోనికి వచ్చిన భారతీయ సాక్ష్య అధినియమము 63వ విభాగమున, కంప్యూటరు నందలి పత్రమును సాక్ష్యముగా చూపవలెనన్నచో ఒక ధ్రువపత్రము జతపరుపవలెను. ఆ ధ్రువపత్రమున 'హాష్' అను సంఖ్య నొకదానిని వ్రాయవలసియున్నది. పూర్వము తాళపత్ర గ్రంథముల తుదిని లేఖకులు గ్రంథసంఖ్య వేసెడివారు. ముప్పదిరెండక్షరముల కొక గ్రంథము చొప్పున లెక్క. అక్షరములు లోపించినచో లెక్క తప్పును. హాష్ అంతకంటె కఠినమైనది. జాబులో ఒక్క యక్షరము మారినను, ఒక చుక్క చేరినను ఆ సంఖ్య పూర్తిగా వేఱగును. కొన్ని జాబులకు పంపిన సంస్థవారు వేసిన ముద్రయు నుండును. పంపినవారి వరుసను మార్చిన వెంటనే ఆ ముద్ర చెల్లదు. కావున చిరునామా మార్చిన ప్రతి నిత్యవ్యవహారమునకు పనికివచ్చును. వివాదమునకు మూలమే కావలెను.

పాత చిరునామాను గూర్చి మఱియొక హెచ్చరిక. విడిచిన యిల్లు పాడుపడియే యుండునని తలపరాదు. దానిలో అన్యుడు చేరవచ్చును. 2013లో యాహూ సంస్థవారు చాలకాలము వాడని పేర్లను క్రొత్తవారి కిచ్చిరి. పాతవారికి రావలసిన జాబులు కొన్ని ఆ క్రొత్తవారికి చేరినవి. గూగుల్‌వారు రెండేండ్లు వాడని సొంత ఖాతాలను తొలగింపగలమని 2023లో ప్రకటించిరి. సొంతముగా కొనుక్కొన్న సంస్థ పేరును ఏటేట రుసుము కట్టి నిలుపుకొనకున్నచో దానిని మఱియొకడు కొనవచ్చును. కాబట్టి పాత పెట్టెను వెంటనే మూసివేయక, దానికి వచ్చు జాబులు క్రొత్త పెట్టెకు చేరునట్లు ఏర్పాటు చేసి, రెండు మూడేండ్లయినను దానిని నిలుపుకొనుట మంచిది. బ్యాంకులకు, కచేరీలకు ఇచ్చిన పాత చిరునామాలను స్వయముగా మార్పించుకొనవలెను. జాబుల పెట్టె తరలిన మాత్రమున అవి తరలవు.

మా గ్రంథాలయపు మూలప్రతిని రెండు డిస్కులలో నుంచితిమి. ఒకటి ఇనుప పెట్టెలో స్థలపు దస్తావేజు ప్రక్కన నున్నది, రెండవది సంఘాధ్యక్షుని యింట నున్నది. పట్టికను కాగితముపై అచ్చొత్తించి కుట్టించితిమి. అందు పదునొకండు చిరునామాలు ఎవరివో నేటికిని తెలియలేదు. వాని యెదుటి గళ్లను ఖాళీగా విడిచితిమి.